రెండు సగటుల తేడా: టీ-టెస్ట్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

రెండు గుంపుల మార్కులు తీసుకుని సగటులు కడితే అవి సరిసమానంగా రావడం చాలా అరుదు. ఒకే తరగతిని చీట్లు వేసి రెండుగా విడగొట్టి, అందరికీ ఒకే పాఠం చెప్పి, ఒకే పరీక్ష పెట్టినా ఒక సగానికి 66, ఇంకో సగానికి 68 అని వస్తాయి. కాబట్టి సగటులు వేరుగా ఉన్నాయా అని అడిగి లాభం లేదు, అవి ఎలాగూ వేరుగానే ఉంటాయి. విడగొట్టడంలోనే వచ్చిపడే తేడా ఎంత ఉండొచ్చు, మనకు కనిపించిన తేడా దాన్ని మించిందా అని అడగాలి.

దీనికి ఎక్కువమంది వాడేది టీ-టెస్ట్. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఒక్క ఫార్ములాతో జవాబు వచ్చేస్తుంది. అంత సులువు కాబట్టే అది ఏ ప్రశ్నకు జవాబిస్తోందో చూసుకోకుండా వాడేయడం కూడా ఎక్కువైంది. ఎవరిని ఎవరితో పోల్చాం, గుంపులు ఎలా ఏర్పడ్డాయి, ఒక్కో గుంపు లోపల మార్కులు ఎంత హెచ్చుతగ్గుగా ఉన్నాయి అన్న సంగతులు లెక్క మొదలుకాకముందే జవాబును చాలావరకు తేల్చేస్తాయి. ఈ పరీక్షను కనిపెట్టిన మనిషి ఇరవై మూడేళ్ల ఎడంతో రాసిన రెండు వ్యాసాలు చదివితే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. వాటి దగ్గరికి వెళ్లేముందు లెక్క ఒకసారి చేసి చూడాలి.

తేడా, హెచ్చుతగ్గులు

ఒకే పాఠాన్ని రెండు పద్ధతుల్లో చెప్పారనుకుందాం. పదహారుమంది విద్యార్థులను చీట్లు వేసి ఎనిమిదేసిమందిగా విడగొట్టారు. పాత పద్ధతిలో నేర్చుకున్నవారికి నూటికి వచ్చిన మార్కులు 62, 71, 58, 66, 74, 69, 60, 68. కొత్త పద్ధతివారికి 70, 77, 65, 72, 81, 68, 74, 69. మొదటి గుంపు సగటు 66, రెండోదాని సగటు 72. తేడా 6 మార్కులు.

ఆరు మార్కులు ఎక్కువా, తక్కువా? ఆ సంఖ్యను ఎంతసేపు చూసినా తెలియదు. మొదటి గుంపులో అందరికీ 65, 67 మధ్య, రెండో గుంపులో అందరికీ 71, 73 మధ్య వచ్చి ఉంటే ఏ టెస్టూ చేయనక్కర్లేదు. అదే ఒక్కో గుంపులో 30 నుంచి 95 దాకా ఉంటే, బాగా చదివే ఒక్క విద్యార్థి ఈ గుంపులో కాకుండా ఆ గుంపులో పడినా సగటు ఆరేడు మార్కులు అటూ ఇటూ అయిపోతుంది. రెండు చోట్లా తేడా ఆరే, కానీ రెండోచోట దాన్ని నమ్మడానికి ఆధారం లేదు.

అందుకని హెచ్చుతగ్గులను కొలవాలి. ప్రతి మార్కు తన గుంపు సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే మొదటి గుంపుకు 218, రెండోదానికి 188 వస్తాయి. వీటిని 8తో కాక 7తో భాగిస్తారు. సగటును కూడా ఆ ఎనిమిది మార్కుల నుంచే కట్టాం కాబట్టి ఏడు దూరాలు తెలిస్తే ఎనిమిదోది దానంతటదే తేలిపోతుంది, స్వతంత్రంగా మారగలిగేవి ఏడే. భాగిస్తే వచ్చే 31.1, 26.9 ఆ గుంపుల విస్తృతులు. వాటి వర్గమూలాలు 5.6, 5.2. ఇవి ప్రామాణిక విచలనాలు. ఒక్కో విద్యార్థి మార్కు గుంపు సగటుకు మామూలుగా అయిదారు మార్కులు ఎగువనో దిగువనో ఉందని వీటి అర్థం.

అయితే ఒక్క విద్యార్థి మార్కు మారినంతగా ఎనిమిదిమంది సగటు మారదు. ఎక్కువ తెచ్చుకున్నవారు, తక్కువ తెచ్చుకున్నవారు కలిసి సగటును మధ్యకు లాగుతారు. ఎంత తక్కువ మారుతుందో తెలియాలంటే విస్తృతిని గుంపులోని మనుషుల సంఖ్యతో భాగించాలి. రెండు సగటుల తేడా దగ్గరికి వచ్చేసరికి రెండు గుంపుల హెచ్చుతగ్గులూ కలుస్తాయి కాబట్టి రెండింటినీ కూడాలి. 31.1ని, 26.9ని చెరో 8తో భాగించి కూడితే 7.25, దాని వర్గమూలం 2.69. ఇది ఆ తేడాకు ప్రామాణిక దోషం.

ఇక మిగిలింది ఒక్క భాగహారం. 6ను 2.69తో భాగిస్తే 2.23. ఇదే టీ విలువ. పద్ధతుల్లో ఏ తేడా లేకపోయినా చీట్ల వల్లే రెండు సగటుల మధ్య 2.69 మార్కుల అంతరం రావడం మామూలే. మనకు కనిపించింది దానికి రెండింతల పైచిలుకు. టెస్టంతా ఈ నిష్పత్తిలోనే ఉంది. టీ పెరగాలంటే తేడా పెద్దదన్నా కావాలి, ప్రామాణిక దోషం చిన్నదన్నా కావాలి. దోషాన్ని తగ్గించడానికి ఎక్కువమందిని తీసుకోవడం ఒక దారి. హెచ్చుతగ్గులే తక్కువ వచ్చేలా ప్రయోగాన్ని మలుచుకోవడం రెండో దారి. ఈ రెండోదాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదు.

చీట్లు మళ్లీ వేస్తే

2.23 ఎంత అరుదైన సంఖ్య? దీనికి పట్టికల కంటే సూటి దారి గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935లో చూపించాడు. కొత్త పద్ధతికి ఏ ప్రభావమూ లేదని కాసేపు ఒప్పుకుందాం. దీన్నే శూన్య పరికల్పన అంటారు. అది నిజమైతే 81 తెచ్చుకున్న విద్యార్థి ఏ గుంపులో ఉన్నా 81 తెచ్చుకునేవాడే. పదహారు మార్కులూ అవే ఉంటాయి, ఏది ఏ గుంపులో పడాలన్నది మాత్రం చీటీ తేల్చింది. పదహారుమందిని ఎనిమిదేసిమందిగా విడగొట్టడానికి 12,870 విధాలున్నాయి. ఒక్కో విధానికీ సగటుల తేడా కట్టి, ఆరు మార్కులు గానీ అంతకుమించి గానీ, ఏ గుంపు వైపైనా సరే, ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాలి. 12,870లో ఆ వాటా ఎంతో అదే పీ విలువ.

చిన్న గుంపుల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. నలుగురు, నలుగురు ఉంటే విడగొట్టే విధాలు 70. ఒక గుంపులోని నలుగురూ అవతలి నలుగురికంటే ఎక్కువ తెచ్చుకున్నారనుకుందాం. అంత పూర్తిగా విడిపోవడం రెండు వైపులా కలిపి 70లో 2 సార్లు జరుగుతుంది, అంటే సుమారు 0.029. ముగ్గురు, ముగ్గురే ఉంటే విధాలు 20. గుంపులు పూర్తిగా విడిపోయినా 20లో 2, అంటే 0.1. పీ విలువ 0.05 కంటే తక్కువ ఉంటేనే నమ్ముతానని ముందే గీత గీసుకున్నవారు ముగ్గురేసిమందితో ఇలాంటి పరీక్ష చేస్తే, ఎంత గొప్ప ఫలితం వచ్చినా గీత దాటే అవకాశమే లేదు. ప్రయోగం మొదలుపెట్టకముందే, కాగితం మీదే ఈ సంగతి తెలుసుకోవచ్చు. తెలుసుకోకుండా మొదలుపెడితే మనుషుల సమయం, శ్రమ వృథా.

టీ-టెస్ట్ ఈ 12,870 లెక్కలూ చేయకుండా ఒక గణిత వక్రరేఖ సాయంతో దాదాపు అదే జవాబుకు చేరుస్తుంది. మన ఉదాహరణలో స్వతంత్రంగా మారగలిగే దూరాలు ఒక్కో గుంపులో 7, మొత్తం 14. వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. 0.05 గీతకు సరిపోయే టీ హద్దు, 14కు, పట్టికలో 2.145. మనకు వచ్చిన 2.23 దాన్ని కాస్త దాటింది. పీ విలువ సుమారు 0.043.

నాలుగైదు నమూనాల చిక్కు

ఈ వక్రరేఖను కనిపెట్టింది విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. విలియం సీలీ గాసెట్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయన శాస్త్రం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరాడు. బార్లీ రకాలను, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల నాణ్యతను పోల్చి చూడడం అక్కడి పని. ఒక్కో కొలతకూ ఖర్చు, సమయం కావాలి కాబట్టి చేతికి వచ్చేవి నాలుగైదు నమూనాలే. అప్పటికి ఉన్న గణాంక పద్ధతులన్నీ వందల కొద్దీ కొలతలు ఉంటాయనుకుని తయారైనవి.

చిక్కు ఇది. భాగహారంలో కింద ఉండే హెచ్చుతగ్గుల కొలత కూడా అదే చిన్న నమూనా నుంచి వచ్చిన అంచనా. నాలుగు కొలతలు యాదృచ్ఛికంగా దగ్గర దగ్గరగా పడితే హెచ్చుతగ్గులు ఉన్నవాటికంటే బాగా తక్కువ కనిపిస్తాయి, దాంతో నిష్పత్తి అమాంతం పెరిగిపోతుంది. కాబట్టి చిన్న నమూనాల్లో పెద్ద టీ విలువలు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు వస్తాయి, హద్దును కూడా ఆ మేరకు పెంచాలి. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు 0.05కు హద్దు 1.96. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9కి అది 2.262. మూడే ఉంటే 3.182.

గాసెట్ 1906-07లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ ప్రయోగశాలలో గడిపి ఈ లెక్క తేల్చాడు. గణితంతో ఊరుకోలేదు. 3,000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కొలతలు అప్పటికే అచ్చయి ఉంటే వాటిని 3,000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి 750 నమూనాలు చేశాడు. ఒక్కోదానికీ నిష్పత్తి కట్టి తన వక్రరేఖతో సరిపోల్చుకున్నాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో చేసిన ఈ పని ఇప్పుడు చదివినా గౌరవం కలుగుతుంది. ఉద్యోగులు సొంత పేర్లతో అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో 1908లో బయోమెట్రికా పత్రికలో ఆ వ్యాసం 'స్టూడెంట్' అన్న కలంపేరుతో వచ్చింది. ఇప్పుడు మనం వాడే టీ రూపాన్ని, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో సహా, తర్వాత ఫిషర్ స్థిరపరిచాడు.

అవే ఇరవై సంఖ్యలు, రెండు జవాబులు

ఆ 1908 వ్యాసంలో గాసెట్ తీసుకున్న ఒక ఉదాహరణను ఈనాటికీ పాఠాల్లో వాడుతున్నారు, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో పాటే ఆ సమాచారం వస్తుంది. పదిమంది రోగులకు రెండు నిద్రమందులు వేరువేరుగా ఇచ్చి, ఒక్కోదానితో మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాశారు. మొదటి మందుతో 0.7, -1.6, -0.2, -1.2, -0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0. రెండోదానితో అదే వరుసలో 1.9, 0.8, 1.1, 0.1, -0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4. సగటులు 0.75, 2.33. తేడా 1.58 గంటలు.

ఇవి రెండు వేరువేరు గుంపులనుకుని పైన చేసిన లెక్కే చేస్తే టీ 1.86, పీ విలువ 0.079. 0.05 గీత దగ్గర ఆగేవారు రెండు మందుల మధ్య తేడా ఉన్నట్టు ఆధారం చాలదని రాసేస్తారు.

కానీ ఇవి వేరువేరు గుంపులు కావు. రెండు వరుసల్లో ఉన్నదీ అదే పదిమంది. ఏడో రోగి ఏ మందు వేసుకున్నా బాగా నిద్రపోయే మనిషి, రెండో రోగి దేనికీ అంతగా నిద్రపోని మనిషి. మనిషికీ మనిషికీ ఉన్న ఈ పెద్ద హెచ్చుతగ్గులు మందుల పోలికకు అవసరం లేని గోల. ఒక్కో మనిషికీ రెండో మందు నుంచి మొదటిదాన్ని తీసేస్తే ఆ గోల పోతుంది. మిగిలేవి 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు అదే 1.58. ప్రామాణిక దోషం మాత్రం 0.85 నుంచి 0.39కి పడిపోతుంది. టీ 4.06, పీ విలువ 0.003 దగ్గర. గాసెట్ ఇలాగే జంటలుగా చూసి, రెండోది మెరుగైన మందు అనడానికి 666కు 1 చొప్పున అవకాశం ఉందని రాశాడు.

సంఖ్యలు ఒక్కటి కూడా మారలేదు. అవి ఎలా సేకరించినవో గుర్తుపెట్టుకోవడం, మరిచిపోవడం, ఇంతే తేడా. సమాచారాన్ని ఫైల్లోకి ఎక్కించేటప్పుడు ఎవరి సంఖ్య ఏదో చెప్పే గుర్తును పోగొడితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తెచ్చిపెట్టలేదు. పాఠానికి ముందు, తర్వాత ఒకే విద్యార్థులకు పెట్టిన పరీక్షలను వేరువేరు గుంపులుగా లెక్కకట్టి 'ప్రభావం లేదు' అని తేల్చడం ఈ రకం పొరపాటే.

ఈ పది సంఖ్యల్లో ఇంకొకటి గమనించాలి. తొమ్మిదో రోగి తేడా 4.6 మిగతావాటికి దూరంగా ఉంది. ఫలితమంతా ఆ ఒక్కరి వల్లే వచ్చిందేమో అనిపిస్తుంది. ఆ రోగిని తీసేస్తే సగటు తేడా 1.24కి తగ్గుతుంది, టీ మాత్రం 5.7 దాకా పెరుగుతుంది. దూరంగా పడిన సంఖ్య సగటును పెంచిన దానికంటే హెచ్చుతగ్గులను ఎక్కువ పెంచింది. అంటే అలాంటి సంఖ్య ఎప్పుడూ తేడాను గోరంతలు కొండంతలు చేస్తుందని అనుకోనక్కర్లేదు, ఉన్న తేడాను కప్పిపెట్టడం కూడా జరుగుతుంది. టీ అవసరమే లేకుండా చూసినా, పదిమందిలో ఒకరికి తేడా సున్నా, మిగతా తొమ్మిదిమందికీ రెండో మందే మెరుగు. మందులు సమానమైతే తొమ్మిదీ ఒకే వైపు పడడం, ఏ వైపైనా సరే, 256లో ఒకసారి జరిగే సంగతి.

షరతులు

రెండు గుంపుల విస్తృతులు సమానమన్న షరతు మొదటి టీ-టెస్టులో ఉండేది. చిన్న గుంపులో హెచ్చుతగ్గులు ఎక్కువగా, పెద్ద గుంపులో తక్కువగా ఉంటే ఆ లెక్క లేని తేడాను ఉన్నట్టు చాలాసార్లు చూపిస్తుంది. బి. ఎల్. వెల్చ్ 1938, 1947 వ్యాసాల్లో ఆ షరతు అక్కర్లేని రూపం ఇచ్చాడు. ఏ పద్ధతో చెప్పకపోతే ఆర్ వాడేది వెల్చ్ రూపమే. ఎక్సెల్‌లోని టీ-టెస్ట్ ఫార్ములా 1, 2, 3 అని రకం అడుగుతుంది: 1 జంటలకు, 2 సమాన విస్తృతులకు, 3 వెల్చ్‌కు. గుంపులు నిజంగా వేరైతే 3 వాడడమే మంచిది. విస్తృతులు సమానమే అయినా దానివల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. మన పదహారుమంది ఉదాహరణలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 14 నుంచి 13.9 అవుతుంది, అంతే.

మార్కుల పంపిణీ గుడిగంట ఆకారంలోనే, అంటే మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమంగా తగ్గుతూ ఉండాలని చాలామంది భయపడతారు. ముప్ఫై నలభైమంది ఉంటే సగటు దానంతటదే ఆ ఆకారానికి దగ్గరపడుతుంది కాబట్టి అంత భయం అక్కర్లేదు. గుంపు చిన్నదై, మార్కులు ఒక పక్కకు ఒరిగి ఉంటే 1947 నాటి మాన్-విట్నీ పరీక్ష వాడొచ్చు. అది ర్యాంకులను పోలుస్తుంది, సగటులను కాదు.

అసలు భయపడాల్సింది స్వతంత్రత షరతు గురించి. ఒక ఉపాధ్యాయుడి తరగతిలో 40 మందికి పాత పద్ధతి, ఇంకో ఉపాధ్యాయుడి తరగతిలో 40 మందికి కొత్త పద్ధతి పెట్టి 80 మంది అని లెక్క వేస్తే ప్రామాణిక దోషం చాలా చిన్నదిగా వస్తుంది. ఆ 40 మందికీ ఉపాధ్యాయుడు, గది, పాఠం జరిగే వేళ, పక్కవారి అల్లరి అన్నీ ఒకటే. వారి మార్కులు కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. పద్ధతిని కేటాయించింది తరగతికి, విద్యార్థికి కాదు. పోలికలో నిజంగా ఉన్నవి రెండే తరగతులు. అప్పుడు తేడా పద్ధతిదా, ఉపాధ్యాయుడిదా అని విడదీయడం ఏ ఫార్ములా వల్లా కాదు. విద్యారంగంలో వచ్చే పోలికల్లో అతి ఎక్కువ నష్టం చేసే లోపం ఇదే అనవచ్చు. ఎందుకంటే టెస్ట్ దీన్ని పట్టుకోదు, పైపెచ్చు చక్కని పీ విలువ ఇచ్చి ధైర్యం చెబుతుంది.

0.043 చెప్పేది

పదహారుమంది ఉదాహరణకు మళ్లీ వస్తే, పీ విలువ 0.043 అన్నప్పుడు కొత్త పద్ధతి పనికిరానిదయ్యే అవకాశం 4.3 శాతం అని కాదు. కొత్త పద్ధతి 95.7 శాతం నిజమనీ కాదు. పద్ధతికి ఏ ప్రభావమూ లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకుమించి గానీ వట్టి చీట్ల వల్ల నూటికి నాలుగుసార్ల పైన వస్తుంది, అంతవరకే దాని అర్థం. ప్రభావం లేదని ముందే ఒప్పుకుని కట్టిన సంఖ్య, ప్రభావం లేకపోవడానికి అవకాశం ఎంతో ఎలా చెబుతుంది? 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి మరీ ఈ తప్పు అర్థాన్ని ఖండించాల్సి వచ్చింది.

0.05 గీత కూడా ప్రకృతి గీసింది కాదు. ఇరవైలో ఒకటి అన్నది హద్దుగా వాడుకోవడానికి అనువైనదని 1925లో ఫిషర్ రాశాడు, అది అలాగే స్థిరపడిపోయింది. 0.049కి పండగ, 0.051కి చెత్తబుట్ట అన్న తీరు ఆ అనువులోంచి పుట్టకూడనిది.

తీర్పు కంటే ఎక్కువ ఉపయోగపడేది విశ్వాస అంతరం, అంటే ఈ సమాచారంతో పొసిగే తేడాల పరిధి. 2.69ని 2.145తో గుణిస్తే 5.8. తేడా 6కు అటూ ఇటూ అంత వేస్తే 0.2 నుంచి 11.8 దాకా. కొత్త పద్ధతి వల్ల లాభం దాదాపు శూన్యం అన్నా, పన్నెండు మార్కుల దాకా అన్నా ఈ సమాచారంతో పొసుగుతుంది. 'తేడా ఉంది' అన్న రెండు మాటల్లో ఈ అనిశ్చితి మొత్తం మాయమైపోతుంది. నిద్రమందులను వేరువేరు గుంపులుగా చూసిన లెక్కలోనూ అంతే. అక్కడ అంతరం -0.2 నుంచి 3.4 గంటల దాకా ఉంది. మూడు గంటల అదనపు నిద్రకు కూడా చోటున్న ఫలితాన్ని 'తేడా లేదు' అని రాయడం అన్యాయం.

ఎక్కువమంది ఉంటే ఇంకో రకం పొరపాటు వస్తుంది. ఒక్కో గుంపులో 5,000 మంది, ప్రామాణిక విచలనం 15, సగటుల తేడా ఒక్క మార్కు అనుకుందాం. ప్రామాణిక దోషం 0.3, టీ 3.3, పీ విలువ 0.001కి కూడా దిగువన. తేడా నిజమే. కానీ పదిహేను మార్కుల హెచ్చుతగ్గుల మధ్య ఒక్క మార్కు కోసం ఎవరైనా పాఠ్యపుస్తకాలు మార్చాలా అన్నది వేరే ప్రశ్న. తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే కోహెన్ డీ (మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ పేరు మీద ఉన్న కొలత) అందుకు సాయపడుతుంది. ఇక్కడ అది 0.07 మాత్రమే. పదహారుమంది ఉదాహరణలో 1.1. కోహెన్ 0.2ను చిన్నదిగా, 0.5ను మధ్యరకంగా, 0.8ను పెద్దదిగా చెప్పాడు. మధ్యరకం ప్రభావాన్ని అయిదింట నాలుగుసార్లయినా పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు సుమారు 64 మంది కావాలి. ఇరవై, ముప్ఫైమందితో చేసి ఏమీ దొరకలేదని చెప్పే పోలికలను ఈ సంఖ్య పక్కన పెట్టి చదవాలి.

ఒకే సమాచారంలో లెక్కలు, సైన్సు, చదవడం, హాజరు అంటూ ఇరవై రకాల పోలికలు చేస్తే, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడనివైతే, ఏ ప్రభావమూ లేకపోయినా ఒక్కటైనా 0.05 గీత దాటే అవకాశం 64 శాతం. ఏది చూడబోతున్నామో ముందే రాసిపెట్టుకోవడం ఒక్కటే దీనికి నమ్మకమైన అడ్డుకట్ట.

ఇరవై వేలమంది పిల్లలు

గాసెట్ రెండో వ్యాసం 1931లో అదే బయోమెట్రికాలో వచ్చింది. అంతకు ముందటి ఏడు స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో ఒక భారీ ప్రయోగం జరిగింది. సుమారు 10,000 మంది పిల్లలకు నాలుగు నెలలపాటు బడి ఉన్న రోజున ముప్పావు పింటు (సుమారు 425 మిల్లీలీటర్లు) పాలు ఇచ్చారు. ఇంకో 10,000 మందికి ఇవ్వలేదు. మొదట్లో, చివర్లో ఎత్తు, బరువు కొలిచారు. ఇంతమంది ఉంటే ప్రామాణిక దోషం ఎంత చిన్నదిగా ఉంటుందో ఊహించవచ్చు.

పిల్లలను చీట్లు వేసి, లేదా అక్షర క్రమంలో విడగొట్టమన్నారు. ఒక గుంపులో బలంగా ఉన్నవారో, నీరసంగా ఉన్నవారో ఎక్కువయ్యారనిపిస్తే ఉపాధ్యాయులు పిల్లలను మార్చుకోవచ్చన్న వెసులుబాటు కూడా ఇచ్చారు. ఉపాధ్యాయులు మంచి మనసుతోనే తిండి చాలని పిల్లలను పాల గుంపులోకి చేర్చారు. ఫలితంగా ప్రయోగం మొదలైన రోజునే పాలు అందనివారు పాలు అందినవారికంటే ఎత్తులోనూ, బరువులోనూ ముందున్నారు. గాసెట్ దీన్ని ఎత్తిచూపి ఇంకొక సంగతి కూడా గుర్తుచేశాడు. పిల్లలను బట్టలతోనే తూచారు, మొదట ఫిబ్రవరి చలిలో, తర్వాత జూన్‌లో. కలిగినవారి పిల్లలు చలికాలపు మందపాటి బట్టలు వదిలి పలచని బట్టలు వేసుకుంటారు. పేదపిల్లలకు అలా మార్చుకోవడానికి అన్ని బట్టలు ఉండవు. రెండు గుంపుల్లో పేదవారి వాటా వేరైనప్పుడు బట్టల బరువులోని ఈ తేడా పాల ప్రభావంలో కలిసిపోతుంది.

ఇరవై వేలమంది వల్ల యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు తగ్గాయి. గుంపులు ఏర్పడ్డ తీరులో చొరబడ్డ పక్షపాతం మాత్రం వాటితో తగ్గేది కాదు. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఆ పక్షపాతం ఇంకా నిక్కచ్చిగా కొలతకు వస్తుంది, అంతే. మనసు కరిగి పిల్లలను మార్చిన ఉపాధ్యాయులను తప్పుపట్టలేం. ఆ వెసులుబాటును ప్రయోగ నిబంధనల్లో పెట్టినవారే దాన్ని చెడగొట్టారు.

ఇంత ఖర్చుకు బదులు ఒకే పోలికతో పుట్టిన కవల పిల్లలను 50 జంటలు తీసుకోమని గాసెట్ సూచించాడు. ప్రతి జంటలో ఒకరికి పాలు ఇవ్వాలి, ఎవరికన్నది నాణెం ఎగరేసి తేల్చాలి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే రకం బట్టలు. ఒకరి ఎదుగుదల నుంచి ఇంకొకరిది తీసేస్తే పేదరికం, వయసు, వంశం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు చాలావరకు పోతాయి. మిగిలేవి యాభై సంఖ్యలు, 49 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. వాటి మీద చేయాల్సిన లెక్క 1908లో పదిమంది రోగుల నిద్ర గంటల మీద చేసిందే.